అర్ధరాత్రి అలర్ట్‌ల గోల తగ్గించుకుందాం: అలర్ట్‌మేనేజర్‌లో నైట్ మ్యూట్

నమస్కారమండీ. ఆన్-కాల్, అంటే సర్వర్లలో తేడా వస్తే ఏ వేళైనా ఫోన్ ఎత్తాల్సిన డ్యూటీ, చేసే సిస్టమ్ అడ్మిన్ల కోసం ఈ వీడియో. పొద్దున లేవగానే లాప్‌టాప్ చూస్తేనే నీరసం వస్తోందా? టికెట్ ఓపెన్ చేయాలంటేనే విసుగ్గా ఉందా? అయితే కాసేపు నాతో ఉండండి.

దీన్నే బర్నౌట్ అంటున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ అయిన ఐసీడీ-11లో దీన్ని జబ్బుల్లో చేర్చలేదు, పని వల్ల వచ్చే పరిస్థితి అని రాసింది. ఒంట్లో శక్తి లేకపోవడం, పని మీద విరక్తి, ఏదీ సరిగ్గా చేయలేకపోతున్నామని అనిపించడం, ఈ మూడూ. పని వల్ల వచ్చింది కాబట్టి ముందు పనిలోనే మార్పు చేయాలి. వాకింగ్, ప్రాణాయామం మంచివే, నేనూ చేస్తాను. కానీ రాత్రికి మూడుసార్లు ఫోన్ లేపుతుంటే అవి ఎంతని ఆదుకుంటాయి?

నా సంగతి చెప్తాను. అప్పుడు మా పాపకి ఏడాది. ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకునేవాణ్ణి. రెండూ నలభైకి వైబ్రేట్ అయ్యేది, పాప ఉలిక్కిపడి లేచేది. చూస్తే డిస్క్ 85 శాతం నిండిందని అలర్ట్. మూడింటికి పాత లాగ్ ఫైళ్లని సర్దే లాగ్‌రొటేట్ నడిచాక దానంతటదే తగ్గిపోయేది. రోజూ ఇదే వరస. కొన్నాళ్లకి కళ్లు తెరవకుండానే అక్నాలెడ్జ్, అంటే "చూశాను" అనే బటన్, నొక్కడం అలవాటైపోయింది. అలా నొక్కిన వాటిలో ఒకరోజు బ్యాకప్ ఫెయిల్ అయిన అలర్ట్ కూడా ఉంది. మర్నాడు మీటింగ్‌లో నాకు నోట మాట రాలేదు.

సరే, పనిలోకి వెళ్దాం. ముందు ఈ షీట్ చూడండి. టైమ్, అలర్ట్ పేరు, నేను ఏం చేశాను. మూడే కాలమ్స్. రెండు వారాలు రాయండి. మూడో కాలమ్‌లో "ఏమీ చేయలేదు" అని ఉన్న ప్రతి అలర్ట్ రాత్రిపూట మిమ్మల్ని లేపకూడదు. ఈ షీట్‌నే మేనేజర్‌కి చూపించండి. అలసిపోయానని చెప్తే ఓదారుస్తారు, షీట్ చూపిస్తే లెక్క మాట్లాడుతుంది. గూగుల్‌లో 12 గంటల ఆన్-కాల్ షిఫ్ట్‌కి రెండు ఇన్సిడెంట్లు దాటకూడదని పెట్టుకున్నారు. మీ లెక్క దాని పక్కన పెట్టి చూపించండి.

ఇప్పుడు ప్రొమిథియస్ రూల్స్ ఫైల్. సర్వర్లని గమనిస్తూ అలర్ట్‌లు పుట్టించేది ఇదే. ఇదిగో, 85 శాతం రూల్ తీసేస్తున్నా. దాని బదులు ప్రెడిక్ట్ లీనియర్. గత 6 గంటల తీరు చూసి, ఇంకో 4 గంటల్లో డిస్క్ నిండిపోతుందనుకుంటేనే అలర్ట్. కింద "ఫర్" 10 నిమిషాలు, అంటే అంతసేపూ అలాగే ఉంటేనే అలర్ట్. సేవ్. ఇది మీకు తెలిసిందే కాబట్టి ముందుకెళ్తున్నా. నేను విమ్‌లో చేస్తున్నాను, మీకు చేయి తిరిగిన ఎడిటర్ ఏదైనా పర్లేదు. కాకపోతే ఈ ఫైళ్లు రాసే యామల్‌కి స్పేస్‌లు కనిపించేలా పెట్టుకోండి, సగం తలనొప్పి పోతుంది.

తర్వాత అలర్ట్‌మేనేజర్ ఫైల్. పుట్టిన అలర్ట్‌ని ఎవరికి, ఎలా పంపాలో చూసేది ఇదే. రూట్ కింద రెండు దారులు. క్రిటికల్ అయితే ఫోన్ కాల్, వార్నింగ్ అయితే టీమ్ చాట్. చూశారుగా.

ఇక్కడ ఆగండి. మ్యూట్ టైమ్ దగ్గర నేను చాలా ఇబ్బంది పడ్డాను. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా వార్నింగ్‌లు ఆపాలి. 22:00 నుంచి 06:00 అని ఒకే లైన్‌లో రాశాను. తీసుకోలేదు. మొదలయ్యే టైమ్ ముగిసే టైమ్ కన్నా ముందుండాలి, అర్ధరాత్రి దాటకూడదు. అందుకని ఇలా రెండు ముక్కలు. 22:00 నుంచి 24:00, మళ్లీ 00:00 నుంచి 06:00. మళ్లీ చెప్తున్నా, రెండు ముక్కలు.

సరే, ఎర్రర్ పోయింది, హాయిగా పడుకున్నా. రాత్రి వార్నింగ్‌లు మామూలుగానే వచ్చాయి. పొద్దున ఆఫీస్ టైమ్‌లో మాత్రం చాట్ నిశ్శబ్దం! ఎందుకంటే లొకేషన్ చెప్పకపోతే అది యూటీసీ, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం, అనుకుంటుంది. అంటే మన తెల్లవారుజాము 3:30 నుంచి 11:30 దాకా మ్యూట్. ఒక సర్టిఫికెట్ వార్నింగ్ 11:30 దాకా ఎవరికీ కనిపించలేదు. అందుకే ఈ లైన్. లొకేషన్, ఏషియా స్లాష్ కోల్‌కతా. కొటేషన్‌లలో పెట్టండి. మీది పాత వెర్షన్ అయి ఈ లైన్ తీసుకోకపోతే యూటీసీలోనే రాయండి: 16:30 నుంచి 24:00, 00:00 నుంచి 00:30. అమెరికా షిఫ్ట్‌లో ఉండి పగలు పడుకునేవాళ్లు మీ నిద్ర టైమే వేసుకోండి.

ఇంకొకటి, మ్యూట్‌ని మొదటి రూట్‌కే పెట్టకండి, ఒప్పుకోదు. వార్నింగ్ దారి కిందే పెట్టాలి. పొద్దున 6 తర్వాత కూడా సమస్య అలాగే ఉంటే అప్పుడు చాట్‌కి వస్తుంది, పోదు. ఆ భయం వద్దు.

ఫైల్‌లో తప్పులున్నాయేమో చూసే కమాండ్, ఆమ్‌టూల్ చెక్ కాన్ఫిగ్. సక్సెస్. రీలోడ్. నేను దీనికో ఏలియాస్, అంటే పొట్టి పేరు, పెట్టుకున్నా, నిద్రమత్తులో పెద్ద కమాండ్ టైప్ చేయడం ప్రమాదం.

ఫోన్‌లో కూడా, డు నాట్ డిస్టర్బ్ ఆన్ చేసి, క్రిటికల్ కాల్ వచ్చే నంబర్‌కీ, ఇంట్లోవాళ్లకీ మాత్రం మినహాయింపు ఇవ్వండి. దిండు కింద నుంచి తీసి బల్ల మీద పెట్టండి.

ఇవన్నీ చేశాక కూడా నిద్ర పట్టకపోతే, గుండె దడగా ఉంటే, బతకాలనే అనిపించకపోతే ఒంటరిగా మోయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416. ఉచితం, 24 గంటలూ ఉంటారు, తెలుగులో మాట్లాడవచ్చు. నంబర్ స్క్రీన్ మీద ఉంచుతున్నా.

ఇప్పుడు టెస్ట్. టైమ్ రాత్రి 10:50. వార్నింగ్ ఒకటి పంపిస్తున్నా. గ్రూప్ వెయిట్, అంటే అలర్ట్ పంపే ముందు ఆగే సమయం, 30 సెకన్లు కదా, ఆగుదాం. చాట్‌లో ఏమీ లేదు. ఇప్పుడు క్రిటికల్. మళ్లీ 30 సెకన్లు. బల్ల మీద ఫోన్ చూస్తూ ఉండండి... అదిగో, మోగింది.