చెక్కకు తనంతట తాను ఆగడం తెలియదు

సభాధ్యక్షులకు, పెద్దలకు, ఉలి పట్టే చేతులతో ఇక్కడికి వచ్చిన మిత్రులకు నమస్కారం. గట్టి కలపను లేజర్‌తో శుభ్రపరచడం వల్ల కలిగే ప్రయోజనాలు నాకు అప్పగించిన అంశం. వాటిని క్లుప్తంగా చెప్పి, నన్ను చాలాకాలంగా బాధిస్తున్న విషయానికి వస్తాను, నిర్వాహకులు మన్నించాలి.

నీళ్లు, రసాయన ద్రావకాలు తగలకుండా, గరుకు కాగితం రాపిడి లేకుండా, నగిషీ మూలల్లో పేరుకున్న మసిని, జిడ్డును లేజర్ తొలగించగలదు. అతి స్వల్పకాలం వెలిగి ఆగే కాంతి స్పందనలు (పల్స్‌లు) వాడితే, వేడి లోపలికి పాకే వ్యవధి లేకుండానే పైపొర ఎగిరిపోతుంది. ఇది నిజమైన మేలే.

అయితే ఈ విద్య మనకు రాతి నుంచి వచ్చింది. 1972లో శిల్పాల హోలోగ్రామ్‌లు, అంటే లేజర్‌తో తీసే త్రిమితీయ చిత్రాల కోసం వెనిస్ వెళ్లిన భౌతిక శాస్త్రవేత్త జాన్ ఆస్మస్, రూబీ లేజర్ కాంతికి పాలరాతి మీది నల్లటి పొర రాలిపోవడం గమనించారు. మసి కాంతిని పీల్చుకుంటుంది, కింద బయటపడిన తెల్లరాయి దాన్ని చాలావరకు వెనక్కి పంపుతుంది, కనుక పని దానంతటదే నెమ్మదిస్తుంది. ముదురు రంగు చేవ, అంటే చెట్టు నడిమి గట్టి కలప, అలాంటిది కాదు; మురికి పోయాక కూడా అది కాంతిని పీల్చుకుంటూనే ఉంటుంది. ఎక్కడ ఆగాలో రాయి చేసి పెట్టిన నిర్ణయాన్ని చెక్క దగ్గర మనిషే చేయాలి. నేను చెప్పదలచినది ఇంతే, కానీ దీన్ని వినేవారు తక్కువ.

ఒక పాత తలుపును అలా శుభ్రపరచడం నేను చూశాను. యంత్రం ఇనుము తుప్పు వదిలించడానికి తయారైనది, ఆగకుండా కాంతిని వెదజల్లే రకం. తలుపు పాలిపోయి కొత్తదానిలా కనిపించగానే యజమాని సంతోషించాడు. దగ్గరికి వెళ్లి చూస్తే మెత్తని చారలు గుంటలు పడి, గట్టి చారలు గట్లలా నిలిచాయి. పువ్వుల అంచుల్లో ఉలి గీతలు లేవు. మలుపుల దగ్గర కాంతి కాస్త నిలిచిన చోటల్లా బొగ్గు మరకలు. దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ దాటాక చెక్క వేగంగా మాడడం మొదలవుతుంది. పోయిన ఉలి గీతను ఏ యంత్రం తిరిగి ఇస్తుంది? మీలో ఎవరైనా చెప్పగలిగితే ఇప్పుడే లేచి చెప్పండి, నేను కూర్చుంటాను.

రంగులు వేసిన చెక్క అయితే ప్రమాదం ఇంకా ఎక్కువ. సీసపు తెలుపు, ఇంగిలీకం అనే ఎరుపు రంగు లేజర్ తగిలితే నల్లబడవచ్చు. పాత రంగుల్లోని సీసం పొగగా, ధూళిగా గాలిలోకి లేస్తుంది. కాబట్టి పొగను పీల్చే ఏర్పాటు, వాడుతున్న లేజర్ తరంగదైర్ఘ్యానికి సరిపడే రక్షణ కళ్లద్దాలు లేకుండా యంత్రం మీట నొక్కకూడదు. అద్దాలు పెట్టుకుంటే కనిపించడం లేదనే వాదన నేను చాలాసార్లు విన్నాను. అవి లేనివారికి ఆ తర్వాత అసలు కనిపించకపోవచ్చు.

నిర్వాహకులకు ఒక విన్నపం. మధ్యాహ్నం ప్రదర్శన కోసం బల్ల మీద పెట్టిన ఆ చెక్కడపు పలకను దయచేసి పక్కన ఉంచండి. అదే జాతి కలప తుండు మీద, తక్కువ శక్తితో మొదలుపెట్టి, ప్రతి దశలోనూ భూతద్దంతో అందరికీ చూపించి, ఎక్కడ ఆపారో, ఎందుకు ఆపారో చెప్పండి. ఆ పలక సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.