వేరుశెనగ నూనె దీపం

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ పూట మీకు ఒక దీపం గురించి చెప్పాలి. వేరుశెనగ నూనె పోసి వెలిగించుకున్న చిన్న దీపం. చైనాలో, షాన్‌డాంగ్ రాష్ట్రంలో, వెయ్‌షియెన్ అనే చోట, చుట్టూ గోడ, కంచె, కాపలా బురుజులు ఉన్న ఒక నిర్బంధ శిబిరంలో వెలిగేది అది. ఇంకా తెల్లవారకముందే వెలిగేది. 1943వ సంవత్సరం. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. జపాన్ సైన్యం తనకు శత్రువులైన దేశాల పౌరులను, అంటే మిషనరీలను, వ్యాపారులను, టీచర్లను, పిల్లలను, పదిహేను వందల మందికి పైగా తెచ్చి అక్కడ పెట్టింది. అంతకుముందు అది ఒక మిషన్ ఆవరణ. దానికి చైనావాళ్లు పెట్టుకున్న పేరుకు అర్థం 'ఆనంద మార్గపు ప్రాంగణం'. ఆ పేరున్న చోటే ఇంతమంది బందీలయ్యారు.

శిబిరమంతా నిద్రలో ఉండగా ఇద్దరు లేచేవారు. ఆ దీపం దగ్గర కూర్చుని బైబిలు తెరిచేవారు. కొంచెం చదివేవారు. ఊరికే కూర్చునేవారు. ప్రార్థన చేసుకుని ఆ రోజు పనుల్లోకి వెళ్లేవారు. ఆ ఇద్దరిలో ఒకాయన ఎరిక్ లిడెల్.

పేరు విన్నవాళ్లు మీలో చాలామంది ఉంటారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగు తొలి పోటీలు ఆదివారం వచ్చాయని, అది ప్రభువు దినమని, పరుగెత్తనన్న స్కాట్లాండ్ యువకుడు. నాలుగు వందల మీటర్లు పరుగెత్తి, 47.6 సెకన్లలో పూర్తిచేసి, బంగారు పతకం తీసుకున్నాడు. ఆ కథ అందరూ చెబుతారు, బాగా చెబుతారు. నాకు దాని తర్వాతి కథ ఎక్కువ ఇష్టం. మరుసటి ఏడాదే, 1925లో, ఆయన చైనాకు వెళ్లిపోయాడు. పుట్టింది కూడా అక్కడే, టియెన్‌చిన్ నగరంలో, మిషనరీల ఇంట్లో. అదే నగరంలో ఒక కాలేజీలో పిల్లలకు సైన్సు చెప్పాడు. తర్వాత యుద్ధం నలిపేస్తున్న పల్లెలకు వెళ్లాడు. 1941లో గర్భవతిగా ఉన్న భార్యను, ఇద్దరు కూతుళ్లను కెనడా పంపించి, తాను ఉండిపోయాడు. మూడో బిడ్డను ఆయన కళ్లతో చూడనే లేదు.

సరే, ఆ దీపం దగ్గరికి మళ్లీ వద్దాం. ఆ దీపం దగ్గర జరిగినదాన్ని మనం వాక్యధ్యానం అంటాం. అంటాం గానీ, చేస్తున్నామా?

నా సంగతి చెబుతాను. చాలా ఏళ్లు నేను బైబిలును పట్టిక పెట్టుకుని చదివాను. రోజుకు ఇన్ని అధ్యాయాలు, ఏడాదికి ఒకసారి మొత్తం పూర్తి. మంచి అలవాటే, తప్పు పట్టను. కానీ సాయంత్రానికి, పొద్దున ఏం చదివావని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు ఉండేది కాదు. కళ్లు పేజీ మీద నడిచాయి, మనసు ఇంకెక్కడో నడిచింది. పట్టికలో టిక్కు మాత్రం పడింది.

మొదటి కీర్తనలో మనందరికీ కంఠస్థమైన మాట ఉంది: "యెహోవా ధర్మశాస్త్రమునందు ఆనందించుచు దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు." ధ్యానించడం అనగానే మనకు కళ్లు మూసుకుని నిశ్శబ్దంగా కూర్చున్న మనిషి కనిపిస్తాడు. హెబ్రీలో ఆ చోట ఉన్న మాట 'హాగా'. దానికి అర్థం గొణుక్కోవడం, లోగొంతుకతో పలుకుతూ ఉండడం. యెషయా గ్రంథం 31వ అధ్యాయంలో సింహం తన వేట మీద కూర్చుని గుర్రుమనడానికి కూడా ఇదే మాట వాడారు. ఆ దృశ్యం ఒకసారి ఊహించండి. దొరికిన దాన్ని సింహం వదలదు. కాపరులు గుంపుగా వచ్చి అరిచినా వదలదు. దాని మీదే ఉండి గుర్రుమంటుంది. ధ్యానం అంటే అది. ఒక వచనం దొరికింది. దాన్ని వదలకపోవడం. నోట్లో ఉంచుకోవడం. పనిలో, దారిలో, మంచం మీద, పెదాల మీద ఆడనివ్వడం.

లూకా సువార్తలో మరియమ్మ గురించి ఇంకొక మాట ఉంది, మన తెలుగు బైబిలులో ఎంత చక్కగా పడిందో వినండి: "ఆ మాటలన్నియు తన హృదయములో తలపోసికొనుచు భద్రము చేసికొనెను." తలపోసికొనుచు. విన్నది పసిబిడ్డ యేసును చూడవచ్చిన గొర్రెల కాపరుల నోట, ఒక రాత్రి. తలపోసుకున్నది ఎన్నేళ్లో.

ఇప్పుడు శిబిరంలోకి వెళ్దాం. అక్కడ పిల్లలు చాలామంది ఉండేవారు, తల్లిదండ్రులకు దూరమై ఒక బడితో పాటు వచ్చినవాళ్లు కూడా. వాళ్లకు లిడెల్ 'ఎరిక్ అంకుల్'. పాఠాలు చెప్పేవాడు. ఆటలు ఆడించేవాడు. ఆదివారం మాత్రం ఆటల్లో పాల్గొనేవాడు కాదు. పారిస్‌లో ఉన్న మనిషే కదా. ఒక ఆదివారం పిల్లలు తమంతట తామే హాకీ ఆడుకున్నారు. రిఫరీ లేడు. ఆట కాస్తా కొట్లాటగా మారింది. ఆ తర్వాత వచ్చిన ఆదివారం ఎరిక్ అంకుల్ మైదానంలో ఉన్నాడు, రిఫరీగా.

ఒలింపిక్ పతకం కోసం ఆదివారాన్ని వదులుకోని మనిషి, పిల్లలు ఒకరినొకరు కొట్టుకోకుండా ఉండడం కోసం వదులుకున్నాడు. నేను ఈ సంఘటన చదివినప్పుడల్లా "విశ్రాంతిదినము మనుష్యులకొరకే నియమింపబడెను" అన్న ప్రభువు మాట గుర్తొస్తుంది. వాక్యాన్ని పైపైన చదివిన మనిషికి అందులో నియమం కనిపిస్తుంది. ఏళ్ల తరబడి తలపోసుకున్న మనిషికి ఆ నియమం పెట్టినవాడి మనసు తెలుస్తుంది. నా మట్టుకు నాకు, పారిస్‌లో ఆయన చూపిన విశ్వాసం కన్నా ఆ హాకీ మైదానంలో చూపిన విశ్వాసం లోతైనది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. ఆయన శిబిరంలో కుర్రవాళ్లకు బైబిలు క్లాసు నడిపేవాడు. ఆయనకు బాగా ఇష్టమైన భాగాలు రెండు: కొండమీద ప్రసంగం, మొదటి కొరింథీయులకు 13వ అధ్యాయం. ఒకరోజు కొండమీద ప్రసంగంలో ఈ మాట దగ్గరికి వచ్చారు: "మీ శత్రువులను ప్రేమించుడి. మిమ్మును హింసించు వారికొరకు ప్రార్థన చేయుడి."

కుర్రవాళ్లు చదివారు, ఆగారు. శత్రువు అన్నది వాళ్లకు పుస్తకంలో మాట కాదు, కిటికీలోంచి చూస్తే కనిపిస్తాడు. బురుజు మీద తుపాకీతో నిలబడి ఉన్నాడు. అమ్మానాన్నల దగ్గరికి వెళ్లనివ్వనివాడు. వాడిని ప్రేమించడమా? ఇది చెప్పుకోవడానికి బాగుండే ఆదర్శమా, నిజంగా చేయగలిగిందా అని చర్చ పెట్టుకున్నారు. ఆదర్శమే, చేయగలిగింది కాదు అన్న వైపుకే మొగ్గారు.

లిడెల్ వాళ్లను తిట్టలేదు. నేనూ అలాగే అనుకున్నాను అన్నాడు. అలా అనుకుని ఉండగా, ఆ వచనంలో తర్వాతి మాట నా కంటపడింది అన్నాడు. "ప్రార్థన చేయుడి." మనల్ని ప్రేమించేవాళ్ల కోసం ప్రార్థించడానికి టైము పెట్టుకుంటాం. యేసు ప్రభువు, మనం ప్రేమించలేని వాళ్ల కోసం ప్రార్థించమన్నాడు. అందుకని నేను ఈ కాపలావాళ్ల కోసం ప్రార్థన మొదలుపెట్టాను, వాళ్ల మీద నా మనసు మారింది అన్నాడు.

గమనించారా? ఒక్క వచనం. అందులో రెండు భాగాలు. మొదటి భాగం ఆయనకు కూడా మింగుడు పడలేదు. వదిలేసి తర్వాతి అధ్యాయానికి వెళ్లలేదు. దాని మీదే ఉన్నాడు, సింహం వేట మీద ఉన్నట్టు. ఉండగా ఉండగా రెండో భాగం తలుపు తెరిచింది. ప్రేమించడం నా చేతిలో లేదు, ప్రార్థించడం నా చేతిలో ఉంది. అక్కడ మొదలుపెట్టాడు.

మన సంఘాల్లో పరాయి దేశాలకు సేవకు వెళ్లాలన్న ఆశ ఉన్నవాళ్లు ఉన్నారు. పది రోజుల మిషన్ ట్రిప్ కావచ్చు, నర్సుగానో టీచర్‌గానో కొన్నేళ్లు కావచ్చు, జీవితమంతా కావచ్చు. చాలా సంతోషం. వెళ్లండి. మనలో కొందరు, అక్కడికి వెళితే విశ్వాసం దానంతట అదే లోతవుతుందని అనుకుంటారు. నేను అలా అనుకోను. కొత్త భాష, కొత్త తిండి, ఒంటరితనం, చెప్పింది ఎవరికీ అర్థం కాని రోజులు, ఇవన్నీ మనిషిలో ఉన్నదాన్ని బయటికి తీస్తాయి. లోపల తలపోసుకున్న వాక్యం ఉంటే అది బయటికి వస్తుంది. లేకపోతే చిరాకు బయటికి వస్తుంది. ఇంగ్లండు మిషనరీ విలియం కేరీ 1793లో బెంగాల్‌లో దిగాడు. ఆయన పనిలో మొదటి బెంగాలీ విశ్వాసి బాప్తిస్మం తీసుకున్నది 1800 డిసెంబరు ఆఖరులో. ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ మనిషిని ఏది నిలబెట్టి ఉంటుందో ఆలోచించండి.

సేవకు వెళ్లేవాళ్లు వినాల్సిన మాట ఇంకొకటి ఉంది. దాన్ని చెప్పింది సేవ అందుకున్న వైపు మనిషి. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అందులో వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు లేచి మాట్లాడారు. తమిళుడై ఉండి, తెలుగు నేర్చుకుని, తెలుగువాళ్ల మధ్య సేవచేసి, 1912లో దోర్నకల్ బిషప్పు అయినాయన. మిషనరీల త్యాగాన్ని ఆయన తక్కువ చేయలేదు. మీరు బీదలకు మీ ఆస్తి పెట్టారు, మీ శరీరాలను కాల్చబడడానికి అప్పగించారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం అన్నారు. మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు.

ఆ మాటలు ఎక్కడివో మీకు తెలుసు. ఆస్తి, శరీరం, ప్రేమ. మొదటి కొరింథీయులకు 13. లిడెల్‌కు ఇష్టమైన అదే అధ్యాయం. ఆ అధ్యాయాన్ని నెమరువేసుకున్న మనిషి కాబట్టి అంత పెద్ద సభలో ఆయన నోట అది అంత సూటిగా వచ్చింది.

నాకు ఇంకా కొద్ది నిమిషాలే ఉన్నాయి. అందుకని చేయదగిన పని ఒకటే చెబుతాను. ఒకటే. ఒక చిన్న నోటుపుస్తకం తీసుకోండి. ఎడమ పేజీలో ఒక వచనం రాయండి, ఒకటే, వారం మొత్తానికి. పెదవులు కదిలేలా పైకి చదవండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం పనిలో చూడకుండా ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. మింగుడు పడని మాట వస్తే మార్చకండి, ఇంకొక వారం దాని మీదే ఉండండి. కుడి పేజీలో ఒక పేరు రాయండి. ఒకటే. మీకు ప్రేమించడం కష్టమైన మనిషి పేరు. ఆ వచనాన్ని పట్టుకుని ఆ మనిషి కోసం ప్రార్థించండి.

విదేశానికి వెళ్లబోయేవాళ్లు కుడి పేజీలో, అక్కడ మీతో కలిసి పనిచేయబోయే స్థానిక విశ్వాసి పేరు రాయండి. పేరు తెలియకపోతే అడిగి తెలుసుకోండి. ఆ పేరును వాళ్లు పలికినట్టు పలకడం నేర్చుకోండి. మీ కార్యక్రమం వాళ్లకు పంపేముందు, మీకు ఏం అవసరం అని ఒక ఉత్తరం రాయండి. జవాబు వచ్చేదాకా ఆగండి. వచనం ఒక పక్క, మనిషి ఒక పక్క. పుస్తకం మూస్తే రెండూ ఒకదానికొకటి తగిలి ఉంటాయి.

ఇక ఆ శిబిరం సంగతి కొంచెం మిగిలి ఉంది. 1945 చలికాలం. లిడెల్‌కు తలనొప్పులు ఎక్కువయ్యాయి. మెదడులో కణితి అని అప్పటికి ఎవరికీ తెలియదు. ఒకరోజు, తన బైబిలు క్లాసులో ఉన్న పదిహేడేళ్ల కుర్రాడి దగ్గరికి వచ్చాడు. చేతిలో పాత బూట్లు. తాను పరుగు పందేల్లో వేసుకున్నవి. మాసికలు వేసి, దారంతో కట్టి ఉన్నాయి. చలికాలం కదా, నీ బూట్లు అరిగిపోయాయి, ఇవి కొన్ని వారాలు వస్తాయి అని ఇచ్చి వెళ్లాడు. మూడు వారాలకు, ఫిబ్రవరి 21న, కన్నుమూశాడు. నలభై మూడేళ్లు. శవపేటికను మోసినవాళ్లలో ఆ కుర్రాడు ఉన్నాడు.

ఆగస్టు 17న అమెరికా సైనికులు పారాచూట్లతో దిగి శిబిరాన్ని విడిపించారు. ఆ కుర్రాడు పెద్దవాడయ్యాడు. 1952లో మిషనరీగా ఓడ ఎక్కాడు. వెళ్లిన దేశం జపాన్. దాదాపు నలభై ఏళ్లు అక్కడే ఉన్నాడు.

సెలవు.