గోదావరి వంతెన, కొవ్వూరు స్టేషను

నమస్కారం. మన విశాఖపట్నంలో బెజవాడ వైపు బండెక్కినవాళ్లు తుని దాటాక ఓ కునుకు తీస్తారు గానీ, రాజమండ్రి వచ్చేసరికి బోగీ బోగీ అంతా లేచి కూచుంటుంది. గోదావరి వస్తోంది మరి! మా అమ్మ సామర్లకోట దగ్గరే కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల నా చేతిలో పెట్టేది, అది గుప్పిట్లో చెమటకి తడిసి జారిపోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. వంతెన ఎక్కగానే చక్రాల చప్పుడు మారిపోతుంది, కింద నేల లేదని ముందు చెవికే తెలుస్తుంది. బిళ్ల విసిరి దణ్ణం పెట్టుకున్నాక కూడా ఇంకా నీళ్లే, దాదాపు 2.7 కిలోమీటర్లు. ఆ చివర కొవ్వూరు. మేం దిగేది అక్కడే, అమ్మమ్మగారి ఊరు.

వంతెన వచ్చాక స్టేషను పెట్టారనుకునేదాన్ని. కాదండీ. 1893లో కోస్తా రైలుమార్గం వేసినప్పుడు ఇక్కడ వంతెన లేదు. మన వైపు పట్టాలు రాజమండ్రి గట్టున ఆగిపోయాయి, బెజవాడ నుంచి వచ్చినవి కొవ్వూరు గట్టున ఆగిపోయాయి. మూటాముల్లే దించుకుని, పిల్లల్ని చంకనేసుకుని, నది దాటి, అవతల మళ్లీ బండెక్కాలి. వరద రోజుల్లో ఆ తల్లులు ఎలా దాటారో తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది.

1897లో పని మొదలై 1900లో, 56 స్పాన్లతో (రెండు స్తంభాల మధ్య భాగమే స్పాన్), అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరుతో వంతెన తెరిచారు. ఆ రోజుతో కొవ్వూరు పట్టాల చివర కాకుండా దారి మధ్య స్టేషను అయింది. తర్వాత 1974లో కింద రైలు, పైన రోడ్డు ఉన్న వంతెన వచ్చింది, 1997లో హేవలాక్‌కి విశ్రాంతి ఇచ్చారు, దాని బదులు విల్లులాంటి కమానుల వంతెన కట్టారు. మూడింటి పట్టాలూ పడమటి గట్టున చేరింది కొవ్వూరుకే.

ఒక్కోసారి బండిని రాజమండ్రి వైపే ఆపేస్తే విసుక్కుంటాం. అవతల దారి ఖాళీ లేనిదే బండిని వంతెన మీదికి వదలరు, నది మధ్యలో నిలబెట్టకూడదు కదా.

ఈసారి వీలైతే కొవ్వూరులో దిగే బండి చూసుకోండి. సాయంత్రం గోష్పాద రేవు మెట్ల మీద కూచుంటే, రైళ్లు లేని ఆ పాత వంతెన నీడ నీళ్లలో పొడుగ్గా సాగుతూ కనిపిస్తుంది.