బ్యాటరీ పీహెచ్‌డీకి ఐదేళ్లు ఎందుకు?

నమస్కారం. బ్యాటరీల మీద పరిశోధన చేయాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే: “ఏ పదార్థం ఎక్కువ చార్జి పట్టుకుంటుంది?” ఈ ప్రశ్న విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. ఎంత పట్టిందన్నది తర్వాతి సంగతి. పట్టినదాంట్లో ఎంత తిరిగొచ్చిందో ముందు అడగండి.

రెండు బిందెలు తీసుకోండి. ఒకదాని నిండా నీళ్లు. దీన్నుంచి దానిలోకి, మళ్లీ దాన్నుంచి దీనిలోకి ఒంపుతూ ఉండండి. లిథియం అయాన్ సెల్‌లో జరిగేది ఇదే: చార్జింగ్‌లో లిథియం కాథోడ్ (ప్లస్ వైపు) నుంచి ఆనోడ్‌కు (మైనస్ వైపు) వెళ్తుంది, వాడుకున్నప్పుడు తిరిగొస్తుంది. వెళ్లొచ్చిన ప్రతిసారీ నూటికి ఒక వంతు ఒలికిందనుకోండి. పరీక్షలో 99 వస్తే మిఠాయిలు పంచుతాం. ఇక్కడ 99 శాతంతో వంద విడతలు తిప్పితే బిందెలో మిగిలేది 37 శాతమే! 99.9 అయితే 90 మిగులుతుంది. వెయ్యి విడతల తర్వాత కూడా ఆ 90 ఉండాలంటే 99.99 కావాలి. ఆ చివరి తొమ్మిదుల కోసమే ఏళ్లు గడిచిపోతాయి.

ఇప్పుడు ఒక బిందె తీసేసి కొత్త మట్టికుండ పెట్టండి. కొత్త కుండ మొదట కాసిన్ని నీళ్లు పీల్చుకుంటుంది కదా? గ్రాఫైట్ ఆనోడూ అంతే. మొదటి చార్జింగ్‌లోనే సుమారు పదో వంతు లిథియం దానిమీద పలుచని పొరలో చిక్కుకుపోతుంది. ఆ పొర పేరు ఎస్‌ఈఐ (సాలిడ్ ఎలక్ట్రోలైట్ ఇంటర్‌ఫేజ్). నష్టమే, కానీ అది లేకపోతే ఎలక్ట్రోలైట్, అంటే లిథియం అటూ ఇటూ ప్రయాణించే ద్రవం, ఆగకుండా విచ్ఛిన్నమవుతూనే ఉంటుంది. ఒకసారి తడిసిన కుండ మళ్లీ అంతగా పీల్చదు. ఈ రంగం మొత్తంలో నాకు ముద్దొచ్చేది ఈ పొరే.

కొత్తవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. పదార్థాన్ని లిథియం లోహపు బిళ్లకు ఎదురుగా పెట్టి పరీక్షిస్తారు. ఆ బిళ్లలో లిథియం కావలసినంత. చెరువు పక్కన కూర్చుని, ఒలికినంతా నింపుకుంటూ, బిందె తరగలేదని మురిసిపోవడమే అది.

ఇక సెల్ తయారీ. గాలి, తేమ తగలకుండా ఆర్గాన్ వాయువు నింపిన మూసిన పెట్టె, అంటే గ్లవ్‌బాక్స్‌లోని రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి, 20 మిల్లీమీటర్ల కాయిన్ సెల్‌లో (నాణెంలాంటి బిళ్ల బ్యాటరీలో) మన పదార్థంతో చేసిన ఎలక్ట్రోడ్, రెండు వైపులూ తగలకుండా అడ్డుండే సెపరేటర్, లిథియం బిళ్ల దొంతరగా పేర్చి, కొన్ని చుక్కల ఎలక్ట్రోలైట్ వేసి బిగించాలి. సెపరేటర్ కాస్త పక్కకు జరిగితే షార్టే. ఆ సెల్‌కు చార్జి ఎక్కడానికి పది గంటలు, దిగడానికి పది గంటలు. వంద విడతలంటే 2,000 గంటలు, అంటే 83 రోజులు. ఐదేళ్లు ఎక్కడికి పోతాయో అర్థమైందా?

సమయం అయిపోతోంది, గబగబా చెబుతాను. ఎలక్ట్రికల్ చదివి తీరాలని లేదు. కెమిస్ట్రీ ఎమ్మెస్సీ, కెమికల్, మెటలర్జీ వాళ్లు నిస్సంకోచంగా రావచ్చు. సీఎస్‌ఐఆర్ నెట్ లేదా గేట్ అర్హత పరీక్ష రాయండి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు. తమిళనాడు కారైకుడిలో 1948లో శంకుస్థాపన జరిగిన సీఈసీఆర్‌ఐ ఎలక్ట్రోకెమిస్ట్రీ కోసమే పుట్టిన సంస్థ; బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ హైదరాబాద్ కూడా చూడండి. చేరేముందు మాత్రం అక్కడి సీనియర్లను అడగండి: సెల్స్‌ను చార్జి ఎక్కిస్తూ దించుతూ తిప్పే యంత్రానికి, అంటే సైక్లర్‌కు, ఎన్ని ఛానళ్లున్నాయి (ఒక్కో సెల్‌కు ఒక్కో ఛానల్), ఎంతమంది వంతులేసుకుంటున్నారు? మీ ఒక్క సెల్ ఒక ఛానల్‌ను 83 రోజులు పట్టుకుని కూర్చుంటుంది.