ఉసిరి చెట్టు కింద నాలుగు మాటలు

పెద్దలందరికీ, పొద్దున్నుంచి పొయ్యి దగ్గరే ఉన్న అక్కచెల్లెళ్లకూ నమస్కారం. వడ్డన మొదలయ్యేలోపు తిండి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

ఇందాక వంట దగ్గరికి వెళ్తే వంకాయలు తరిగి ఉప్పునీళ్లలో వేస్తున్నారు. గాలి తగిలితే ముక్కలు నల్లబడతాయని మన అమ్మమ్మల కాలం నుంచీ తెలుసు. వంకాయలోని కొన్ని పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మారిపోవడమే ఆ నలుపు. ఆక్సీకరణం అంటే ఇదే. మన ఒంట్లోనూ ఇలాంటిది నిత్యం జరుగుతుంటుంది. తిన్న అన్నం నుంచి కణాలు శక్తిని తీసుకునేటప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే నిలకడలేని అణువులు పుడతాయి. అవి మితిమీరితే కణాల్లోని కొవ్వునీ, ప్రొటీన్లనీ, చివరికి డీఎన్‌ఏనీ దెబ్బతీస్తాయి. పొగ తాగడం, కాలుష్యం వీటిని ఇంకా పెంచుతాయి. వీటిని అదుపులో పెట్టే ఏర్పాటు శరీరానికి సొంతంగానే ఉంది. తిండిలోని సి విటమిన్, ఇ విటమిన్, క్యారెట్‌కు రంగునిచ్చే కెరోటిన్లు, కాయగూరల రంగులో, వగరులో ఉండే పదార్థాలు దానికి తోడు నిలుస్తాయి. యాంటీఆక్సిడెంట్లు అంటున్నది వీటినే.

ఫ్రీ రాడికల్స్ అన్నీ శత్రువులేమీ కావు. రోగక్రిములను చంపడానికి మన తెల్ల రక్తకణాలు వాడే ఆయుధాల్లో అవీ ఉన్నాయి. మాత్రలూ పొడులూ అమ్మే ప్రకటనల్లో ఈ మాట కనిపించదు.

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పాలి. మాది పొగాకు పండించే ఊరు. మా నాన్నగారు చుట్ట కాల్చేవారు. ఎవరో చెప్పారని యాంటీఆక్సిడెంట్ మాత్రలు తెచ్చుకుని, "మాత్ర వేసుకుంటున్నాగా, ఇంకేం కాదులేమ్మా" అనేవారు. నేను కాలేజీలో హోమ్‌సైన్స్ పాఠాలు చెబుతున్నదాన్ని. అయినా ఆ రోజు ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. అది ఇప్పటికీ నాకు బాధే.

జవాబు తర్వాత చదివాను. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29 వేల మందికి పైగా పాల్గొన్న పరిశోధన ఫలితాలు 1994లో వచ్చాయి. కెరోటిన్లలో ఒకటైన బీటా కెరోటిన్ మాత్రలు ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను తగ్గిస్తాయని ఆశపడితే, అవి వేసుకున్నవాళ్లలోనే ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. అమెరికాలో పొగతాగేవాళ్ల మీద, ఆస్బెస్టాస్ పనివాళ్ల మీద జరుగుతున్న ఇలాంటి పరిశోధనను 1996లో మధ్యలోనే ఆపేశారు. అక్కడ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఆ క్యాన్సర్ 28 శాతం ఎక్కువ. కూరగాయలు, పండ్లు బాగా తినేవాళ్లలో గుండెజబ్బులు తక్కువని ఎన్నో దేశాల్లో చూశారు. వాటిలోంచి ఒక్క పదార్థాన్ని విడదీసి పెద్ద మోతాదులో మింగిస్తే ఆ మేలు రాలేదు. అందుకే మీ ఇంట్లో పొగతాగేవాళ్లుంటే, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లుంటే, డాక్టరును అడగకుండా ఇలాంటి మాత్రలు కొనకండి. అడుగడుగునా చెప్పాలనిపించే మాట ఇది.

మరి ఏం తినాలి? ఖరీదైనవి అక్కర్లేదు. పెద్దవాళ్లలో మగవాళ్లకు రోజుకు 80, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాముల సి విటమిన్ కావాలని మన ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, లెక్క. 100 గ్రాముల జామకాయలో అది 200 మిల్లీగ్రాములు దాటుతుంది. యాపిల్‌లో పది కూడా ఉండదు. జ్వరమొచ్చిన మనిషిని చూడ్డానికి యాపిల్స్ పట్టుకెళ్తాం, బండి మీద జామకాయను చిన్నచూపు చూస్తాం. ఇప్పుడు మనం కూర్చున్న ఈ చెట్టు కాయ జామకాయకీ తీసిపోదు. ఉసిరి పచ్చడి మంచిదే, కానీ అందులో ఉప్పు చాలా ఉంటుంది. బీపీ ఉన్నవాళ్లు పచ్చికాయ తురుము పెరుగులో కలుపుకుంటే మేలు.

మన గుంటూరు వాళ్లకు నచ్చే ముచ్చట ఇంకొకటి. సి విటమిన్ మీద పనిచేసిన శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గి పరిశోధనకు సరిపడా ఆ పదార్థం దొరకక ఇబ్బంది పడ్డాడు. ఆయన ఉన్నది హంగరీలోని సెగెడ్ నగరం, మిరపకు పేరుమోసిన చోటు. చివరికి ఆ మిరపకాయల్లోనే కావలసినంత దొరికింది. 1937లో నోబెల్ బహుమతి వచ్చింది. అది పచ్చికాయ సంగతి. ఎండబెట్టి కారం కొట్టేసరికి సి విటమిన్ చాలావరకు పోతుంది. ఎండుమిర్చి ఎరుపులో కెరోటిన్లు మాత్రం ఉంటాయి. అలాగని కారం ఎక్కువ తినమని నేను చెప్పడం లేదు, కడుపు మంట మనందరికీ తెలిసిందే.

తెచ్చిన కూరగాయలోని మంచిని వంటింట్లో పోగొట్టుకోవడం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఆకుకూర తరిగాక కడిగితే, ఉడికించిన నీళ్లు పారబోస్తే సి విటమిన్ వాటితోనే పోతుంది. ముందు కడగండి, తర్వాత తరగండి, తక్కువ నీళ్లలో మూతపెట్టి మగ్గించండి. టమాటాది వేరే దారి. కాస్త నూనెలో ఉడికితేనే దాని ఎర్రరంగు పదార్థం, లైకోపీన్, మనకు బాగా అందుతుంది. మునగాకు, క్యారెట్ లాంటివాటికీ కాస్త నూనె తోడుండాలి. నువ్వులపొడి చల్లిన మునగాకు వేపుడు అందుకే నాకు ఇష్టం.

మన దేశంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. తోటకూర పప్పు దించాక నిమ్మకాయ పిండితే అందులోని ఐరన్ బాగా ఒంటికి పడుతుంది. భోజనం మీదే టీ, కాఫీ తాగితే అంతగా పట్టదు. టీలోని వగరు పదార్థాలు యాంటీఆక్సిడెంట్లే, కానీ అన్నంతో పాటు కడుపులోకి వెళ్తే ఐరన్‌ను పట్టేసుకుంటాయి. మంచి పదార్థానికైనా వేళ చూడాలి. అందుకే ఇవాళ కాఫీ ఫ్లాస్కు గంట ఆగి తెరవమని చెప్పి వచ్చాను.

వడ్డించేవాళ్లకు ఒక్క విన్నపం. పిల్లల విస్తళ్లలో ముందు తోటకూర పప్పు వేయండమ్మా. పులిహోర కనిపించాక వాళ్లు దాని జోలికి పోరు.