అరకు వెళ్లే ముందు వైజాగ్‌కి రెండు రోజులు ఇవ్వండి

(దృశ్యం: ఇంకా చీకటి. ఫిషింగ్ హార్బర్. జెట్టీ మీద లైట్లు, వరసగా కట్టేసిన మరబోట్లు.)

టైమ్ ఐదున్నర. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో ఉన్నాం. మన ఊరు చూడ్డానికి వచ్చే చుట్టాల్లో చాలామంది ఈ వేళకి అరకు రైలు కోసం స్టేషన్లో పడిగాపులు కాస్తుంటారు. ముందురోజు సాయంత్రం బీచ్‌లో నాలుగు ఫోటోలు దిగేస్తారు, అంతే, వైజాగ్ చూసేసినట్టే. అలా వెళ్లిపోతుంటే నాకు మనసు ఒప్పదు. అరకు బాగుంటుంది, కాదనను. కానీ ఒక పక్క కొండలు, ఇంకో పక్క సముద్రం ఉన్న ఈ ఊరికి కనీసం రెండు రోజులు కావాలి.

(దృశ్యం: ట్రేలలో చేపలు దించుతున్నారు. వేలం పాట కేకలు.)

రోజుల తరబడి వేటకెళ్లిన బోట్లు తిరిగొస్తున్నాయి. బోటు లోపలి నుంచి ఐసు ముక్కలతో సహా చేపలు తీసి ట్రేలలో పోస్తున్నారు. వంజరం, చందువ, రొయ్యలు, నెత్తళ్లు. ఒక్కో కుప్ప దగ్గర పాట మొదలవుతుంది. రేటు ఎంత త్వరగా పెరుగుతుందంటే, మనం లెక్కపెట్టుకునేలోపే కుప్ప చేతులు మారిపోతుంది. పాడుకునేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది ఉంటారు. ఇక్కడ కొన్నది తట్టల్లో సర్దుకుని ఊళ్లో అమ్ముకుంటారు. అది వాళ్ల రోజు కూలి. అందుకే దారికి అడ్డంగా నిలబడొద్దు, అడక్కుండా మొహం మీదకి కెమెరా పెట్టొద్దు. నేల తడిగా ఉంటుంది, జారని చెప్పులు వేసుకోండి. ఇంకో మాట: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. అప్పుడొస్తే ఈ సందడి ఉండదు.

అదిగో, సముద్రంలోకి పొడుచుకొచ్చినట్టున్న కొండ, అదే డాల్ఫిన్ నోస్. మన ఓడరేవుకి అదే గోడలా అడ్డం నిలబడింది. 1933లో మొదలైన రేవు ఇది. రేవు దగ్గరే మూడు చిన్న గుట్టలున్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా. ఓపికుంటే మూడూ ఎక్కండి.

(దృశ్యం: బీచ్ రోడ్డు. ఇసుక ఒడ్డున నల్లటి జలాంతర్గామి.)

ఇప్పుడు ఆర్కే బీచ్. ఇది బొమ్మ కాదు, నిజం జలాంతర్గామి. పేరు ఐఎన్ఎస్ కురుసుర. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లు పనిచేసి 2001లో రిటైరైంది. తర్వాత దీన్ని ఒడ్డుకి లాగి, 2002లో మ్యూజియంగా తెరిచారు.

పొడవు 91 మీటర్లు. బయట నుంచి చూస్తే ఎంత పెద్దదో అనిపిస్తుంది. లోపలికి అడుగు పెట్టాక తెలుస్తుంది అసలు సంగతి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి తల వంచి, కాలు ముందు పెట్టి దూరాలి. అటూ ఇటూ పైపులు, మీటర్లు, చక్రాలు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాలి. ఇంత ఇరుకులో డెబ్భై మందికి పైగా మనుషులు రోజుల తరబడి నీళ్ల కింద బతికారు. టార్పెడోల గదిలోనే పడకలున్నాయి చూడండి. ఆ పడక పక్కన ఒక్క నిమిషం నిలబడండి. నేనెప్పుడు వెళ్లినా అక్కడే ఆగిపోతాను. నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లు గైడ్లుగా ఉంటారు. పిల్లల్ని వెంటబెట్టుకెళ్తే ప్రశ్నలు అడగనివ్వండి, ఎంతో ఓపిగ్గా చెబుతారు.

1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది ఈ సముద్రంలోనే. ఆ యుద్ధం గుర్తుగా కట్టిన స్మారకం కూడా ఇదే రోడ్డులో ఉంది. కురుసురకి ఎదురుగా టీయూ-142 అనే నేవీ నిఘా విమానం మ్యూజియం. అన్నీ నడిచేంత దూరంలోనే. ఈ మ్యూజియాలకి సోమవారం సెలవు కాబట్టి వేరే రోజు పెట్టుకోండి.

(దృశ్యం: సాయంత్రం. మురీ మిక్చర్ బండి. చేతులు దగ్గరగా.)

సాయంత్రమైతే బీచ్‌లో మురీ మిక్చర్ తినకుండా కదలొద్దు. చూడండి, స్టీలు గిన్నెలో మరమరాలు, వేయించిన వేరుశెనగ గుళ్లు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర. పైన ఉప్పూ కారం, చివర్లో నిమ్మకాయ పిండి, గరిటెతో టకటకా నాలుగు తిప్పులు. పొట్లంలో పడగానే తినాలి. ఐదు నిమిషాలు ఆగితే మెత్తబడిపోతుంది. కారం తక్కువ కావాలంటే ముందే చెప్పండి. పక్క బండి మీద టమాటా బజ్జీ ఉంటుంది, మధ్యకి చీల్చి ఉల్లిపాయలు కూరి ఇస్తారు. అదీ వదలొద్దు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆర్కే బీచ్‌లో ఈతకి దిగొద్దు. ఇక్కడ కాళ్లు తడుపుకునే చోటు నుంచి రెండడుగులు వేసేసరికే లోతు వచ్చేస్తుంది, వెనక్కెళ్లే అల మనిషిని లాగేస్తుంది. ఏటా కుర్రాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. నీళ్లలో ఆడుకోవాలనుంటే రుషికొండ వెళ్లి, లైఫ్‌గార్డులు ఉన్నచోట, వాళ్లు చెప్పినంత వరకే దిగండి.

(దృశ్యం: రెండో రోజు ఉదయం. భీమిలి వెళ్లే తీరం రోడ్డు.)

రెండో రోజు భీమిలి రోడ్డు. మొదట తొట్లకొండ. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం. రాతిలో తొలిచిన నీటి తొట్లుండబట్టే ఆ పేరు. 1988 నుంచి 1993 వరకు తవ్వకాలు జరిగాయి. పైన నిలబడి సముద్రం చూస్తే, భిక్షువులు ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో వేరే చెప్పక్కర్లేదు.

(దృశ్యం: ఎర్రమట్టి దిబ్బలు. వాన కోసిన లోయలు.)

ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. ఇవి ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ల కిందట సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, గాలి మోసుకొచ్చిన ఇసుక ఇక్కడ మేటలు వేసింది. ఇసుకలోని ఇనుము తుప్పుపట్టి ఇలా ఎర్రబడింది. తర్వాత వాన నీళ్లు కోసుకుంటూ పోయి ఈ లోయల్ని చేశాయి. గోడని వేలితో తాకితే చాలు, మట్టి పొడిలా రాలుతుంది. అంత మెత్తన. దక్షిణాసియాలో ఇలాంటి తీరాలు చాలా అరుదు, అందుకే దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. దయచేసి గోడలెక్కొద్దు, పేర్లు చెక్కొద్దు. వేల ఏళ్లకి పేరుకున్నది మనం ఒక్క సెల్ఫీ కోసం కూల్చేస్తే మళ్లీ రాదు.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల సమాధులు చూసి వెనక్కి తిరగండి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరది.

(దృశ్యం: సింహాచలం కొండ. బుట్టల్లో సంపెంగలు.)

సాయంత్రం సింహాచలం. గర్భగుడిలో స్వామి ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉంటాడు. నిజరూప దర్శనం అక్షయ తృతీయ ఒక్కరోజే, ఆ రోజు జనం మామూలుగా ఉండరు. శ్రీకృష్ణదేవరాయలు వచ్చి వేయించిన శాసనం గుడిలో ఉంది. కొండ మీద సంపెంగలు అమ్ముతారు. రెండు కొని జేబులో వేసుకోండి, రాత్రికి కూడా వాసన పోదు.

ఇక రైలెక్కే ముందు మాడుగుల హల్వా ఒక డబ్బా కొనుక్కోండి. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, నెయ్యి, జీడిపప్పులతో చేసే హల్వా ఇది. నాలుగు ముక్కలు విడిగా కట్టించుకోండి, డబ్బా ఇంటికి చేరేదాకా మూత తియ్యకుండా ఉండాలంటే అదొక్కటే మార్గం.