అమ్మ చిగుళ్లు, పసుపు జెల్

నమస్తే అండి, నల్గొండ నుంచి మాట్లాడుతున్నా. డల్లాస్ నుంచి వచ్చి మూడు వారాలైంది. ఈరోజు వ్లాగ్‌లో షాపింగులు, చుట్టాలిళ్లు ఏమీ లేవు. అమ్మ పండ్ల గురించి చెప్తా.

వచ్చిన రెండో రోజు పొద్దున వాష్‌బేసిన్‌లో రక్తం చూశా. అడిగితే, "ఏం గాదు బిడ్డా, మన నీళ్లకు అందరి పండ్లు గిట్లనే ఉంటయి" అంది. అమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ నీళ్లకు ఆమె పండ్ల మీద గోధుమ రంగు చారలున్న మాట నిజమే. కానీ ఆ చారలు వేరు, చిగుళ్ల రక్తం వేరు. పైగా అమ్మకు పన్నెండేళ్లుగా షుగర్.

క్లాక్ టవర్ దగ్గర ఒక పండ్ల డాక్టరమ్మకు చూపించా. మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి పరికరాన్ని పంటికీ చిగురుకీ మధ్య దించి, "మూడు, ఐదు, ఆరు" అని చెప్తుంటే అసిస్టెంట్ రాసుకుంది. మూడు వరకు ఫరవాలేదట. ఆరు అన్నప్పుడు అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

షుగర్ ఎక్కువుంటే చిగుళ్లు ఇన్ఫెక్షన్‌కు తట్టుకోవు. చిగుళ్లు వాచి ఉంటే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, షుగర్ దిగదు. మాత్రలు మార్చినా అమ్మకు ఎందుకు తగ్గడం లేదో అని ఫోన్‌లో ఎన్నిసార్లు టెన్షన్ పడ్డానో! ఒక్కసారి కూడా చిగుళ్ల గురించి అడగలేదు.

మత్తిచ్చి, చిగురు కింద వేర్ల దాకా గార తీశారు. రెండు సిట్టింగులు పట్టింది. ఆ తర్వాతే మొన లేని సూదితో ఆ లోతుల్లోకి హెర్బల్ జెల్ ఎక్కించారు. పచ్చగా, పసుపు వాసనతో ఉంది. పసుపులోని కర్క్యుమిన్ వాపు తగ్గిస్తుందని డాక్టరమ్మ చెప్తే అమ్మ ముఖం వెలిగింది. "గట్లయితే ఇంట్ల పసుపు, ఉప్పు రుద్దుకుంట గద మేడం!"

"అది పైపైనే ఉంటదమ్మా, ఆరు మిల్లీమీటర్ల లోపలికి పోదు. లోపల గార ఉంటే ఈ జెల్ కూడా ఏం చేయదు" అన్నారామె.

ఈ మాట బాగా వినండి. కలబంద, వేప, గ్రీన్ టీ జెల్స్ మీద కూడా చిన్న చిన్న పరిశోధనలు జరిగాయి. క్లీనింగ్‌కు తోడు వాడితే కొంత మేలు కనిపించింది, అంతే. చేతిలో ఒక్కదానికే డబ్బులుంటే క్లీనింగ్ చేయించండి. చిగుళ్ల వైద్యంతో మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష అంకె, సగటున 0.4 దాకా తగ్గుతుంది. షుగర్ మాత్రలు మాత్రం ఆపొద్దు.

ఆదివారం నా ఫ్లైట్. మూడు నెలలకు మళ్లీ లోతులు కొలవాలి, అప్పుడే షుగర్ టెస్టు కూడా. తమ్ముడికి తారీఖు రాసిచ్చా. ఆ అంకెలు రాగానే మీకు చెప్తా.